అటవీ పరిశ్రమలో కొత్త ఉత్పత్తులు: జొన్నాడ చుట్టుపట్ల సరుగుడు, నర్సరీ, కాగితం

కలప, వెదురు, పీచు, లక్క వంటివి ముడిసరుకుగా తీసుకుని కాగితం, అట్ట, ప్లైవుడ్, ఫైబర్ బోర్డు, బొమ్మలు, గృహోపకరణాలు తయారుచేసే పరిశ్రమలన్నిటినీ కలిపి అటవీ పరిశ్రమ అంటారు. మిగతా రంగాలతో పోలిస్తే ఇక్కడ కొత్త ఉత్పత్తి రావడానికి చాలా కాలం పడుతుంది. కాగితం మిల్లుకు కొత్త రకం గుజ్జు కావాలంటే ముందు ఆ గుజ్జునిచ్చే చెట్టు కావాలి. ఆ చెట్టు నాటడానికి ఎవరో ఒక రైతు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మూడేళ్ళో ఐదేళ్ళో ఆగాలి. ఈలోగా ధర పడిపోవచ్చు, తుపాను రావచ్చు, మిల్లే మూతపడవచ్చు. ఇంత నష్టభయాన్ని ఒక్క సంస్థ మోయలేదు. అందుకే ఈ రంగంలో కొత్త సరుకు రైతు, నర్సరీ, కలప కొట్టించే మేస్త్రీ, లారీ యజమాని, మిల్లు, పరిశోధన సంస్థ, అచ్చు యంత్రం నడిపే మనిషి, ప్రభుత్వం, వీళ్ళందరి మధ్య నడిచే సంబంధాల్లోంచి పుడుతుంది. ఈ సంబంధాల అల్లికనే నెట్‌వర్క్ అంటున్నారు. తెలుగు నేల మీద దీన్ని దగ్గరగా చూడడానికి గోదావరి డెల్టా తల దగ్గర, జొన్నాడ పరిసరాలు చాలా మంచి చోటు.

జొన్నాడ ఉన్న చోటు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా ఆలమూరు మండలంలో, గౌతమీ గోదావరి ఎడమ గట్టున ఉన్న ఊరు జొన్నాడ. 16వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ వంతెనెక్కి అవతల రావులపాలెంలో దిగుతుంది. వంతెనకు ఒక పక్క కొబ్బరి తోటల కోనసీమ, అరటి గెలల వ్యాపారానికి పేరుపడ్డ రావులపాలెం మార్కెట్. రెండో పక్క రాజమహేంద్రవరం వైపు వెళ్తే వేమగిరి, కడియపులంక, కడియం. దేశం నలుమూలలకూ మొక్కలు పంపే నర్సరీలు అక్కడివే. ఆ కడియంలోనే ఒకప్పటి కోస్టల్ పేపర్స్, ఇప్పటి ఆంధ్రా పేపర్ రెండో యూనిట్ ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే రాజమహేంద్రవరంలో ఆ కంపెనీ పెద్ద మిల్లు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు జొన్నాడ కోనసీమకు, కడియం తూర్పు గోదావరికి వెళ్ళాయి. సరుకు ఆ గీతను పట్టించుకోలేదు. కొబ్బరి పొట్టు ఇటు వస్తుంది, మొక్కలు అటు పోతాయి, సరుగుడు కర్ర రెండు వైపుల నుంచీ మిల్లుకు చేరుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయన్నదే ఈ ప్రాంతపు అసలు కథ.

సరుగుడు

సరుగుడును చూసినవాళ్ళు అది దేవదారు జాతి చెట్టేమో అనుకుంటారు. కాదు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నని కణుపుల కొమ్మలు. ఒక కొమ్మను పట్టి కణుపు దగ్గర విరిస్తే అక్కడ వలయంగా చిన్న చిన్న పొలుసులు కనిపిస్తాయి. అవే నిజమైన ఆకులు. నీరు తక్కువ ఆవిరయ్యే ఈ అమరిక వల్లే అది ఉప్పుగాలి వీచే ఇసుక నేలలో బతుకుతుంది. దాని వేళ్ళ మీద బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. బలం లేని ఇసుకలో కూడా సరుగుడు వేగంగా ఎదగడానికి కారణం అదే.

ఈ చెట్టు మన తీరానికి పంతొమ్మిదో శతాబ్దంలో తోటగా వచ్చింది. మద్రాసు తీరం వెంట మొదట్లో పెంచింది ఎక్కువగా రైలింజన్లకు, ఇళ్ళకు వంటచెరకు కోసం. ఆ తర్వాత పందిరి గుంజలు, ఇంటి వాసాలు, కాంక్రీటు పోసేటప్పుడు పెట్టే సెంట్రింగు కర్రలు, అరటి గెలకు పోటు పెట్టే కర్రలు దాని వాడకాల్లో చేరాయి. కాగితం చివర్లో వచ్చింది. ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. ఒక చెట్టుకు ముందే నాలుగు రకాల కొనుగోలుదారులు ఉంటే, ఐదో కొనుగోలుదారుడు వచ్చినప్పుడు రైతు ధైర్యంగా నాటుతాడు. మిల్లు కొనకపోయినా కర్రకు వేరే దారి ఉందన్న భరోసా ఉంటుంది. సుబాబుల్‌కు ఆ భరోసా లేదు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులు టన్ను రేటు కోసం పదేపదే రోడ్డెక్కాల్సి రావడానికి, ప్రభుత్వం మధ్యవర్తిగా కూర్చుని మిల్లులతో ధర మాట్లాడాల్సి రావడానికి ఒక ముఖ్య కారణం ఆ కర్రకు మిల్లు తప్ప పెద్ద గిరాకీ లేకపోవడం.

వెదురు కాలం

రాజమహేంద్రవరంలో కాగితం మిల్లు 1920లలో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైంది. ఆనాటి కొత్త ఉత్పత్తి వెదురు కాగితం. అప్పటిదాకా మన దేశంలో కాగితం ఎక్కువగా గుడ్డపీలికలతో, సబై గడ్డితో, దిగుమతైన గుజ్జుతో తయారయ్యేది. వెదురును ఉడికించి మంచి గుజ్జు తీసే పద్ధతి మీద డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రైట్ చాలా ఏళ్ళు పనిచేశాడు. ఆ పరిశోధన ఆధారంగానే టారిఫ్ బోర్డు సిఫార్సు చేసింది, 1925లో వెదురు కాగితం పరిశ్రమకు రక్షణ చట్టం వచ్చింది. విదేశీ కాగితం మీద సుంకం పడకపోతే వెదురు కాగితం ప్రయోగశాల దాటేది కాదు. ప్రయోగశాల, సుంకం, అడవి నుంచి వెదురు కొట్టుకునే హక్కు, మిల్లు అనే ఈ నాలుగూ కలిసినప్పుడే ఒక కొత్త సరుకు బజారుకు వచ్చింది.

ఆ అల్లికలో ఒక పెద్ద లోపం ఉంది. వెదురు కొట్టే గిరిజనుడికి కూలి తప్ప మరో స్థానం లేదు. రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల వెదురు గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ పొద ఎప్పుడు కొట్టాలో, ఎన్ని బొంగులు వదిలితే మళ్ళీ పిలకలు వస్తాయో అతనికి తెలుసు. ఆ తెలివిని నమోదు చేసుకునే ఏర్పాటు ఎక్కడా లేదు. దశాబ్దాల తరబడి అడవి వెదురు మిల్లులకు చాలా తక్కువ ధరకు వెళ్ళింది, కొట్టేసినంత వేగంగా తిరిగి పెరగలేదు. పొలంలో పెంచిన వెదురును 'చెట్టు' అనే చట్టబద్ధ నిర్వచనం నుంచి తప్పించడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సవరణ ముందే వచ్చి ఉంటే గోదావరి జిల్లాల రైతుల గట్ల మీద వెదురు ఇంకా ఎక్కువ కనిపించేది.

మిల్లు మాత్రం ఎన్నో చేతులు మారింది. ప్రభుత్వ యాజమాన్యంలోకి వెళ్ళింది. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ లిమిటెడ్ అనే కంపెనీ అయింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ దాన్ని తీసుకున్నాయి. 2020 నుంచి ఆంధ్రా పేపర్ అంటున్నాం. యజమానులు మారినా కర్ర పండించే రైతులు, కొట్టించే మేస్త్రీలు చాలావరకు అలాగే ఉన్నారు.

1988: అడవి నుంచి పొలానికి

ఈ రంగంలో అతి పెద్ద మలుపు ప్రయోగశాలలో రాలేదు, ఒక ప్రభుత్వ పత్రంలో వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు అడవి కలపను రాయితీ ధరకు ఇవ్వకూడదని చెప్పింది. తమకు కావలసిన ముడిసరుకును పరిశ్రమలే రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని, మొక్కలు, అప్పు, సాంకేతిక సలహా ఇచ్చి పెంచుకోవాలని సూచించింది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కలప మిల్లుల మీద అదుపును ఇంకా బిగించాయి. ఈ రెండూ కలిసి మిల్లులను అడవి మీద నుంచి పొలం మీదకు నెట్టాయి.

దాంతో మిల్లుకు అంతదాకా అక్కరలేని పనులు నెత్తిన పడ్డాయి. అటవీ శాఖతో ఒక ఒప్పందం రాసుకుంటే సరిపోయే చోట వేలాది మంది రైతులతో మాట్లాడాల్సి వచ్చింది. నేల స్వభావం తెలియాలి, నర్సరీ పెట్టాలి, మొక్క చచ్చిపోతే జవాబు చెప్పాలి. కాగితం ఇంజనీర్లున్న కంపెనీల్లోకి అటవీ శాస్త్రవేత్తలు, తోటల అధికారులు వచ్చింది ఆ కాలంలోనే.

గుజ్జు స్వభావం కూడా మారింది. వెదురు నార సుమారు రెండు మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటుంది. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ నారలు దాదాపు ఒక మిల్లీమీటరు, అంతకు లోపే. పొడుగు నార కాగితానికి గట్టితనమిస్తుంది. పొట్టి నార సాపుగా పరుచుకుంటుంది, వెనక వైపు అక్షరాలు ఇవతలికి కనిపించకుండా చేస్తుంది. ఫొటోస్టాట్ కాగితానికి, మంచి నోటుపుస్తకానికి కావలసింది ఇదే. పొలం కర్ర గతిలేక వచ్చిన ప్రత్యామ్నాయంగా మొదలై, కొత్త రకం కాగితానికి అనువైన ముడిసరుకుగా నిలబడింది. కంప్యూటర్లు, జిరాక్స్ దుకాణాలు ఊరూరా వచ్చిన కాలం కూడా అదే కావడం దానికి కలిసొచ్చింది.

కొమ్మ ముక్క నుంచి తోట

విత్తనంతో వేసిన తోటలో ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు. ఒకటి నిటారుగా లేస్తే పక్కది వంకర పోతుంది. మంచి చెట్టు కొమ్మ తీసుకుని వేళ్ళు తెప్పించి నాటితే తోటంతా ఆ చెట్టు పోలికే వస్తుంది. దాన్నే క్లోనింగ్ అంటారు. జామాయిల్‌లో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపింది బ్రెజిల్‌లోని అరాక్రూజ్ కంపెనీ. దాని శాస్త్రవేత్తలకు 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. ఈ రంగంలో అంతకు మించిన గౌరవం లేదు.

ఆ పద్ధతి తెలుగు నేల మీదకు వచ్చింది భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు అట్టల మిల్లు ద్వారా. 1975లో ఏర్పడి 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ 2002లో ఐటీసీలో కలిసిపోయింది. 1980ల చివర అక్కడ డాక్టర్ ప్యారేలాల్ నాయకత్వంలో జామాయిల్ క్లోన్ల పని మొదలైంది. నిటారుగా ఉన్న, తెగులు సోకని, లావెక్కిన చెట్లను వెతికి, వాటి చిగుళ్ళకు వేళ్ళు తెప్పించి, రకరకాల నేలల్లో వేసి చూసి, నిలబడ్డవాటిని 1990ల తొలి ఏళ్ళ నుంచి రైతులకు అమ్మారు. 'భద్రాచలం క్లోన్లు' అన్న పేరు దేశమంతా పాకింది. దిగుబడి విత్తనపు తోటల కంటే రెండు మూడు రెట్లు పెరిగిందని ఆ కంపెనీ తోటల లెక్కలు చూపాయి.

సరుగుడుకు ఈ దారి కొంత ఆలస్యంగా తెరుచుకుంది. 1988లో కోయంబత్తూరులో ఏర్పడిన అటవీ జన్యు, వృక్ష ప్రజనన సంస్థ దీనికి కేంద్రం. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1990ల మొదట్లో నానా దేశాల నుంచి సరుగుడు విత్తనాలు సేకరించి, ఒకే పద్ధతిలో అనేక దేశాల్లో నాటించి పోల్చి చూసింది. కోయంబత్తూరు సంస్థ ఆ ప్రయత్నంలో భాగస్వామి. మన తీరపు సరుగుడుతో పాటు ఇండోనేసియా దీవుల్లో పెరిగే జుంగూనియానా జాతి చేతికొచ్చింది. ఈ రెండిటినీ సంకరం చేసి, నిటారుగా త్వరగా ఎదిగే క్లోన్లను ఆ సంస్థ విడుదల చేసింది. విత్తనపు సరుగుడు నాలుగైదేళ్ళకు కోతకు వస్తుంటే మంచి క్లోన్లు మూడేళ్ళ నుంచే కోతకు ఆశ పెట్టాయి.

నర్సరీలో ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. తల్లి మొక్క లేత కొమ్మల నుంచి జానెడులో సగం ఉండే తునకలు తెంపుతారు. మొదలు భాగాన్ని వేళ్ళు తెప్పించే హార్మోను పొడిలో అద్ది, నల్లటి ప్లాస్టిక్ గొట్టాల ట్రేల్లో గుచ్చుతారు. ట్రేలను పాలిథిన్ గుడారంలో మూసి ఉంచితే లోపల తేమ ఉక్కగా నిలుస్తుంది. మూడు వారాలకు అటూఇటూగా వేరు దిగుతుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు షేడ్‌నెట్ కింద, కొన్నాళ్ళు ఎండలో ఉంచి నేలకు అలవాటు చేస్తారు. గొట్టం లోపల నిలువు గాడులుంటాయి. వేరు చుట్టుకుపోకుండా కిందికి దిగడానికే ఆ గాడులు. పాలిథిన్ సంచిలో పెంచిన మొక్క వేళ్ళు అడుగున సుడి తిరిగిపోయి, తర్వాత గాలికి చెట్టు పడిపోయే ప్రమాదం ఉంది. తుపానుల తీరంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ గొట్టాల్లో మట్టి వెయ్యరు. ఎక్కువగా వేసేది కొబ్బరి పొట్టు.

కోనసీమ పొట్టు, కడియం మొక్క

కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక మిగిలేది పొట్టు. డొక్కలో పీచు కంటే ఇదే ఎక్కువ, బరువులో సుమారు మూడింట రెండు వంతులు. ఒకప్పుడు పీచు మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండేది. లిగ్నిన్ ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్ళదు, వానకు దాని నుంచి దిగే గోధుమరంగు నీరు కాలువల్లో కలిసేది. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచే గుణం మాత్రం దానికి ఎప్పుడూ ఉంది. ఆ గుణానికి విలువ కట్టే మనిషి దొరకాలి, అంతే. ఆ మనిషి నర్సరీ రైతు అయ్యాడు.

ఇది చెప్పినంత తేలిగ్గా జరగలేదు. తీరపు పొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే లేత వేరు మాడిపోతుంది. కడగడం, ఆరబెట్టడం, ఇటుకల్లా అచ్చు వేయడం ఒక పరిశ్రమ అయింది. పొట్టును త్వరగా ఎరువుగా మార్చే పుట్టగొడుగు జాతి శిలీంధ్రాన్ని కాయర్ బోర్డు 'పిత్‌ప్లస్' పేరుతో అందించింది. 1953 చట్టంతో ఏర్పడిన ఆ బోర్డుకు రాజమహేంద్రవరంలో కార్యాలయం ఉంది. బరువు తక్కువ కాబట్టి పొట్టులో పెంచిన మొక్కలను ఒక్క లారీలో మట్టి సంచుల మొక్కల కంటే చాలా ఎక్కువ పంపవచ్చు. కడియం నర్సరీల వ్యాపారం దూర రాష్ట్రాలకు పాకడంలో ఈ తేలికదనానికీ వాటా ఉంది.

గౌతమి వంతెన మీదుగా అటు నుంచి వచ్చే పొట్టు ఇటు మొక్కకు ఆధారమై, ఆ మొక్క తిరిగి లంకల్లో, తీరంలో చెట్టై, మిల్లులో కాగితమవుతోంది. ఈ గొలుసును ఎవరూ కూర్చుని పథకం వెయ్యలేదు. ఒకరి చెత్త మరొకరి అవసరమని ఎరిగిన చిన్న వ్యాపారులు, దగ్గర దగ్గర ఊళ్ళు, మంచి రోడ్డు దాన్ని కలిపాయి. నెట్‌వర్క్‌ల గురించి రాసేవాళ్ళు శాస్త్రవేత్తలకు, కంపెనీలకు ఇచ్చినంత చోటు ఈ చిన్న వ్యాపారులకు ఇవ్వరు. ఇవ్వవలసింది వీళ్ళకే.

పురుగు నేర్పిన పాఠం

ఒకే చెట్టుకు లక్షల నకళ్ళు వేస్తే ఒకే తెగులుకు లక్షల చెట్లు లొంగుతాయి. 2000 దశకం మొదట్లో జామాయిల్‌ను ఆశించే కందిరీగ వంటి చిన్న కీటకం, లెప్టోసైబి ఇన్వేసా, దక్షిణ భారతంలో కనిపించింది. ఆకు ఈనెల మీద, లేత కాడల మీద బుడిపెలు కట్టించి మొక్క ఎదుగుదలను ఆపేస్తుంది. తట్టుకోలేని క్లోన్ల తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. దాన్ని అదుపు చేసిందీ నెట్‌వర్కే. దాని పిల్లపురుగులను తినే పరాన్నజీవి కీటకాలను గుర్తించి వదలడంలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తల పని తోడ్పడింది. మిల్లులు తట్టుకునే క్లోన్లను ఎంచి నర్సరీలను మార్చుకున్నాయి. ఒకటి రెండు క్లోన్లకే అంటిపెట్టుకున్న రైతులు ఎక్కువ నష్టపోయారు. ఒక తోటలో నాలుగైదు రకాలు వరసలుగా వెయ్యాలన్న సలహా అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. సరుగుడులో సంకర క్లోన్లు వ్యాపిస్తున్న ఈ రోజుల్లో గోదావరి రైతులు ఈ మాటను మనసుకు పట్టించుకోవాలి.

కాటా దగ్గర

నెట్‌వర్క్ బలం పరిశోధన పత్రాల్లో కంటే కాటా దగ్గర బాగా తెలుస్తుంది. కర్ర టన్నుల లెక్కన అమ్ముతారు. కొట్టిన రోజు నుంచి అందులోని నీరు ఆరిపోతూ ఉంటుంది. లారీ మిల్లు గేటు ముందు వరసలో ఆగిన ప్రతి రోజూ తూకం తగ్గుతుంది, ఆ తగ్గింది రైతు జేబులోంచి పోతుంది. మిల్లుకు మాత్రం కావలసింది నీరు కాదు, నార. తొక్క తీసిన కర్రకు ఒక రేటు, తొక్కతో ఉన్నదానికి ఒక రేటు ఉంటాయి. తొక్క తీయడం పొలంలో ఎక్కువగా ఆడకూలీల పని. తొక్క మిగిలితే గుజ్జులో మచ్చలు పడతాయి, తెల్లబరచడానికి రసాయనాల ఖర్చు పెరుగుతుంది. మిల్లు తయారుచేసే తెల్ల కాగితం నాణ్యత చాలా మేరకు ఆ కూలీ చేతి కత్తి మీద ఆధారపడి ఉంది. ఆమె కూలి మాత్రం ఆ నాణ్యతతో పెరగదు.

రైతుకు, మిల్లుకు మధ్య మేస్త్రీ, దళారి ఉంటారు. వాళ్ళను దోపిడీదారులుగా మాత్రమే చూడడం అలవాటైపోయింది. నిజానికి కూలీలను పోగుచేయడం, లారీ మాట్లాడడం, ఎకరా రెండెకరాల తోటలను కలిపి లోడు చేయడం వాళ్ళే చేస్తారు. ఏ క్లోను కర్ర వంకర పోతోంది, ఏది కొడితే తొక్క సులువుగా ఊడుతుంది అన్న సమాచారం ముందు వాళ్ళకే తెలుస్తుంది. ఆ సమాచారం నర్సరీకి, శాస్త్రవేత్తకు తిరిగి చేరే మార్గం చాలా చోట్ల లేదు. తమిళనాడులో మేట్టుపాళయం అటవీ కళాశాల 2008 నుంచి ఈ పనికి పూనుకుంది. రైతు, మిల్లు, బ్యాంకు, విశ్వవిద్యాలయం నలుగురూ సంతకం చేసే ఒప్పందాలు రాయించి, మలబారు వేప, సరుగుడు వంటి చెట్లను ప్లైవుడ్, కాగితం మిల్లులతో కలిపింది. గోదావరి జిల్లాల్లో నర్సరీల అనుభవం అంతకంటే ఎక్కువ ఉంది. ఆ స్థాయి ఒప్పందాల వ్యవస్థ మాత్రం రాలేదు.

కౌలు మరో చిక్కుముడి. గోదావరి డెల్టాలో సాగు చాలావరకు కౌలు రైతులది. చెట్టు పంట మూడు నాలుగేళ్ళ పంట, కౌలు ఏడాదికోసారి మాట్లాడుకునేది. అందువల్ల సరుగుడు ఎక్కువగా భూమి సొంతదారు వేసే పంట అవుతుంది, కొన్నిసార్లు ఊళ్ళో లేని సొంతదారు వేసే పంట. అప్పుడు నిన్నటిదాకా ఆ పొలంలో వరి చేసిన కౌలుదారుకు, నాట్లకు వచ్చిన కూలీలకు పని పోతుంది. కలప రంగం గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఈ ముఖాన్ని దాచకూడదు.

శాస్త్రం చెప్పే మాట

ఇలాంటి అల్లికల గురించి ప్రపంచంలో చాలా అధ్యయనం జరిగింది. కొత్త సాంకేతికత కంపెనీలకూ వాటి సరఫరాదారులకూ ఖాతాదారులకూ మధ్య ఏళ్ళ తరబడి నడిచే లావాదేవీల్లోంచి వస్తుందని స్వీడన్ పండితుడు హోకాన్ హోకాన్‌సన్ 1987లో వాదించాడు. వస్తువును వాడేవాడే తరచు దాన్ని కనిపెట్టేవాడని అమెరికాలో ఎరిక్ వాన్ హిప్పెల్ 1988 నాటి పుస్తకంలో చూపించాడు. దగ్గరివాళ్ళ నుంచి మనకు తెలిసిన సంగతులే తెలుస్తాయి, దూరపు పరిచయాల నుంచి కొత్త సంగతులు వస్తాయని మార్క్ గ్రనోవెటర్ 1973లో రాశాడు. బ్రెజిల్ నుంచి సారపాకకు వచ్చిన క్లోను పద్ధతి ఆ దూరపు పరిచయానికి సాక్ష్యం. పొట్టు కడిగి మొక్క పెంచడం దగ్గరి సంబంధాల ఫలం. ఒక ప్రాంతానికి రెండూ కావాలి.

యూరప్‌లో ఇటీవలి పెద్ద ఉదాహరణ అడ్డంగా నిలువుగా పొరలు పేర్చి అతికించిన కలప పలకలు. 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో చిన్న రంపపు మిల్లులు, గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని అది. దానితో ఇప్పుడు బహుళ అంతస్తుల భవనాలే కడుతున్నారు. ఆ పని చేసిన గెర్హార్డ్ షిక్‌హోఫర్‌కు 2019లో వాలెన్‌బర్గ్ బహుమతి దక్కింది. రంపపు మిల్లులకు సొంత ప్రయోగశాలలు పెట్టుకునే స్తోమత లేదు. విశ్వవిద్యాలయమే వాళ్ళందరికీ ఉమ్మడి ప్రయోగశాల అయింది.

అంకుడు కర్ర, లక్క

పెద్ద మిల్లులు లేని చోట కూడా ఇదే జరుగుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు యంత్రానికి బిగించి బొమ్మలు చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ వస్తుంది. రసాయన రంగుల్లో విషపు లోహాలున్నాయన్న భయంతో పిల్లల బొమ్మలకు గిరాకీ తగ్గినప్పుడు, 1990ల నుంచి సి.వి. రాజు పసుపు, నీలిమందు, చెట్ల బెరడు, గింజల నుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతులను పనివాళ్ళతో కలిసి అభివృద్ధి చేశారు. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. ఇక్కడి ఇబ్బంది ఒకప్పటి కాగితం మిల్లుల ఇబ్బంది లాంటిదే. అంకుడు కర్ర అడవి నుంచి వస్తుంది. కొండల మీద ఆ చెట్టు తగ్గితే రంగులెంత మంచివైనా బొమ్మ ఉండదు. సరుగుడుకు దొరికిన నర్సరీలు, క్లోన్లు, కొనుగోలు ఒప్పందాల్లో పదో వంతు శ్రద్ధ అంకుడుకు, కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికికి దొరకాలి.

ఇప్పుడు వస్తున్నవి

తెల్లబరచడంలో మూలక క్లోరిన్ వాడితే డయాక్సిన్ అనే విషాలు పుడతాయని 1980లలో పాశ్చాత్య దేశాల్లో తేలింది. కొనుగోలుదారుల ఒత్తిడి యంత్రాల తయారీదారులకు, వారి నుంచి మిల్లులకు చేరింది. 2002లో భద్రాచలం మిల్లు మూలక క్లోరిన్ లేని గుజ్జు తయారీ మొదలుపెట్టి దేశంలో ఈ మార్పుకు దారి తీసింది. మరుసటి ఏడాది ఐటీసీ క్లాస్‌మేట్ నోటుపుస్తకాలు బజారుకు వచ్చాయి. 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నిషేధం అమలు కావడంతో కాగితం కప్పులకు, ప్లాస్టిక్ పొర లేకుండా తడిని ఆపే అట్టలకు గిరాకీ పెరిగింది. అట్ట తయారీదారు, పూత రసాయనాల కంపెనీ, కప్పు చేసే చిన్న యూనిట్, హోటల్ యజమాని నలుగురూ కలిసి సరిచూసుకోకపోతే ఇలాంటి సరుకు నిలవదు. వేడి టీ పోసిన కప్పు అడుగు ఎంతసేపు ఆగుతుందో చివరికి చెప్పేది టీ కొట్టు.

మూతపడ్డ మిల్లులు కూడా నెట్‌వర్క్ గురించి చెబుతాయి. 2014లో కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు, కమలాపురం రేయాన్ గుజ్జు మిల్లు ఆగిపోయినప్పుడు కార్మికులతో పాటు చుట్టుపక్కల వెదురు, జామాయిల్ అమ్మకాలూ ఆగాయి. సిర్పూర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్ళీ నడిపింది. కమలాపురం తెరుచుకోలేదు. ఒక్క కొనుగోలుదారు చుట్టూ అల్లిన సంబంధాలు అతనితోనే పోతాయి.

జొన్నాడ వైపు రైతుకు ఇప్పుడు రెండో దారి కనిపిస్తోంది. సన్న కర్రను నారగా విడదీసి జిగురుతో ఒత్తి పలకలు చేసే ఎండీఎఫ్ మిల్లులు రాష్ట్రంలోకి వచ్చాయి. శ్రీకాళహస్తి దగ్గర 2018లో ఒకటి, ఆ తర్వాత కడప జిల్లా బద్వేలు దగ్గర మరొకటి మొదలయ్యాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు మూడూ వాటికి పనికొస్తాయి. కాకపోతే రెండూ గౌతమి వంతెనకు 400 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి, అంత దూరం పచ్చి కర్ర లారీ కిరాయిని భరించలేదు. ఇక్కడి రైతుకు వెంటనే అక్కరకొచ్చేది కోయంబత్తూరు సంస్థ రూపొందించిన గాలికి అడ్డుగా నిలిచే సరుగుడు క్లోన్లు. అరటి తోట చుట్టూ దగ్గర దగ్గరగా రెండు మూడు వరసలు వేస్తే ఈదురుగాలికి గెల వేసిన చెట్లు పడిపోవడం తగ్గుతుంది, కొన్నేళ్ళకు ఆ గట్టు కర్ర మిల్లుకో సెంట్రింగుకో అమ్ముడవుతుంది. రావులపాలెం అరటి మార్కెట్, కడియం నర్సరీలు, రాజమహేంద్రవరం మిల్లు గంటలోపు దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో, ఆ క్లోన్లను తెచ్చి లంకల నేలల్లో రైతులతో కలిసి పరీక్షించే పని ఉద్యాన, అటవీ శాఖలు ఉమ్మడిగా చేపట్టాలి.